కంబం చెప్పింది

దస్తగిరికి స్తంభాలంటే ఒళ్లుమంట.

ఊరికే పుట్టిన మంట కాదు. వాళ్ల ఊరి రచ్చచావిట్లో రాతి స్తంభాలు వరుసగా ఉండేవి. కడప వైపు వాటిని కంబాలంటారు. ఏ కంబం దాకా ఎవరు రావచ్చో ఊరందరికీ తెలుసు. గోడ మీద రాసి లేదు, ఎవరూ దండోరా వేయలేదు, అయినా తెలుసు. దస్తగిరి వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, ఒకసారి తన పొలం గట్టు తగాదా చెప్పుకోవడానికి వెళ్లి, ఆ కోపంలో చూసుకోక ఒక కంబం దాటింది. దూదేకేదానికి నడిమింట్లో ఏం పని అన్నారెవరో. పదిమందీ నవ్వారు. ఆమె వెనక్కి నడిచి, ఆఖరి కంబం బయట, ఎండలో నిలబడింది. తీర్పు ఆమె పొలం గురించే. అది ఆమెకు సగమే వినిపించింది.

ఇది వింటూ పెరిగినవాడు కట్టడాల చదువే చదివాడు. హైదరాబాదులో హాస్టలు గది తలుపు మీద "స్థలం ప్రజలది, స్తంభం పాలకులది" అని ఎర్ర రంగుతో రాసుకున్నాడు. ఆ మాటలో పుస్తకాల నుంచి తెచ్చుకున్నది ఎంతో, తను కలిపింది ఎంతో అతనికే గుర్తులేదు. చదువయ్యాక ఒక పెద్ద ఆఫీసులో చేరి షాపింగ్ మాల్స్‌కు మెట్లు గీశాడు. అంత గాజు, అంత గ్రానైటు, అంత ఏసీ గాలి ఉన్న భవనంలో కాపలావాడు కూర్చోవడానికి ఒక అరుగు గీస్తే కొట్టేశారు. మళ్లీ గీశాడు. మళ్లీ కొట్టేశారు. రాజీనామా ఇచ్చి బస్సెక్కాడు.

దిగింది గండిచర్లలో. జమ్మలమడుగు దాటాక నాపరాతి గనుల మధ్య ఒక పాత దర్గా, దాని పక్కన ఒక చావిడి ఉన్నాయి. అక్కడ పీరా తాత ఉంటాడు. అసలు పేరు హుసేన్‌పీరా. పెద్ద ఫకీరని కొందరు, చాదస్తపు ముసలోడని కొందరు అంటారు. గనుల్లో బండలు తీసేవాళ్లు, పాలిష్ ఫ్యాక్టరీల్లో పొద్దంతా తడి దుమ్ములో నిలబడేవాళ్లు మాత్రం కులం మతం లేకుండా తాతా అనే పిలుస్తారు.

దస్తగిరి దేవుణ్ని వెతుక్కుంటూ రాలేదు. కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వచ్చాడు. తాత ఏ ఊరని అడగలేదు, ఏం చదివావని అడగలేదు. చావిట్లో ఒక మూలకు చెయ్యి చూపించి, "సంచి ఆ కంబం కాడ పెట్టుకో నాయనా," అన్నాడు.

కంబమే చూపించాడు. గొడవ ఆ రోజే మొదలైంది.

ఆ చావిడి నిండా కంబాలే. కప్పు నాపబండలది. బండ ఎంత పొడవు తెగితే కంబానికీ కంబానికీ మధ్య అంతే దూరం. గని ఇచ్చిన రాయి కొలత పెట్టింది. మనుషులు ఆ కొలతలో సర్దుకున్నారు. నలుగురు కూర్చుంటే ఇద్దరికి తాత కనిపిస్తాడు, ఇద్దరికి రాయి కనిపిస్తుంది. ప్రతి కంబం మీదా, కూర్చున్న మనిషి తల ఆనేచోట, నూనె మరక నల్లగా మెరుస్తుంటుంది. ఎన్ని తరాల తలలో తెలియదు. ఆసిడ్‌తో కడిగితే పోతుందని దస్తగిరి అంటే తాత, పోతే రేపు వచ్చేవాళ్లకు ఎక్కడ ఆనుకోవాలో ఎట్లా తెలుస్తుందని అడిగాడు.

గురువారం సాయంత్రం జనం వస్తారు. చక్కెర చదివిస్తారు. ఫాతెహా ప్రార్థన అయ్యాక అందరి చేతుల్లో చిటికెడు చక్కెర పడుతుంది. పొద్దు వాలేవేళ తాత ఒకే మాట అడుగుతాడు. "కంబం ఏమైనా చెప్తాదా?"

అప్పుడు అందరూ ముఖాలు గుమ్మం వైపు తిప్పుకుంటారు. వెనక కంబాల చాటునుంచి ఎవరో మాట్లాడతారు. గొంతు రాతికీ రాతికీ తగిలి ఏ మూల నుంచి వస్తోందో తెలియదు. మొగుడు కొడుతున్నాడని ఒక గొంతు చెబుతుంది. తాగొచ్చి తల్లిని తోశానని ఇంకొకటి ఒప్పుకుంటుంది. గనిలో మందు పేలినప్పుడల్లా బడి గోడ పగుళ్లిస్తోందని మరొకటి. విన్నవాళ్లు వెనక్కి తిరగరు. ఎవరు చెప్పారని అడగరు. బయటివాళ్లు అడిగితే ఊరంతటికీ జవాబు ఒకటే, కంబం చెప్పిందని.

తెల్లవారి అందరూ కలిసి వెళ్లి చేయాల్సింది చేస్తారు. బడి దగ్గర పేలుళ్లు ఆగింది అట్లాగే. ఆడవాళ్లు గనిలోకి దిగి, మందు కూరే గుంతలు తొలిచేచోట చాపలు పరుచుకుని కూర్చున్నారు. వంటలు కూడా అక్కడే చేశారు. గని ఓనరు నాగభూషణం ఇది ఎవరు మొదలుపెట్టారని ఊరంతా ఆరా తీశాడు. మనుషుల్ని పంపాడు. తెలిసుంటే ఆ ఇంట్లో ఒక్కరికీ ఏ గనిలోనూ పని దొరక్కుండా చేసేవాడు. ఊరంతా ఒకే సాక్షిని చూపించింది. ఆ సాక్షికి నోరు లేదు.

ఆ గొడవ జరిగిన ఎండాకాలం దాటగానే నాగభూషణానికి భక్తి పుట్టుకొచ్చింది.

కారులో వచ్చి దర్గాకు చాదర్ కప్పాడు. చావిట్లో తిరిగి, పాపం జనం ఎంత ఇరుకున కూర్చుంటున్నారని నొచ్చుకున్నాడు. దీన్ని పడగొట్టి తన తండ్రి పేరు మీద కొత్త హాలు కట్టిస్తానన్నాడు. దానం చేసేవాడి చేతిలో టేపు ఎందుకుందో ఎవరూ అడగలేదు. అతని కోరిక ఒక్కటే. లోపల కంబాలుండకూడదు, ఎక్కడ కూర్చున్నవాళ్లకైనా వేదిక కనపడాలి. పెద్ద ఊళ్లలో ఇప్పుడంతా అట్లనే కడుతున్నారు కదా అన్నాడు.

దస్తగిరి ఆ మాటకు తలెత్తాడు. జేజి నిలబడిన ఎండ గుర్తొచ్చిన ప్రతిసారీ అతను మనసులో గీసుకున్న హాలు అదే. ఎవరి హద్దూ లేని నేల. ఎవరినీ ఆపని నడుమ.

తాత అతని వైపు చూశాడు. "మావోడు గీస్తాడు," అన్నాడు నాగభూషణంతో.

దస్తగిరి గీశాడు. చావిడి మూలలో బల్ల వేసుకుని, తిండి మరిచి, గీశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఇనుప ట్రస్సులు, అంటే కడ్డీలు త్రికోణాలుగా అతికిన దూలాలు. వాటి మీద పలుచని కప్పు. బరువంతా రెండు అంచులకూ పోతుంది, అక్కడ నుంచి నేలలోకి దిగుతుంది. నడుమ ఏమీ ఉండదు. నిర్మాణం ఉన్నట్టే తెలియకూడదు, స్థలం ఒక్కటే తెలియాలి. అతను తాతకు చెప్పింది ఇదే, చేతులు తిప్పుతూ, మధ్యలో నినాదాలు కలుపుతూ. కంబం కూలితే హద్దు కూలుతుంది, హద్దు కూలితే కులం కూలుతుంది అన్నాడు. ఆకాశానికి ఏ కంబం ఉందని అడిగాడు.

"ఆకాశం మన మీద పడితే దెబ్బ తగలదు నాయనా," అన్నాడు తాత. "బండ పడితే తగుల్తాది."

దస్తగిరి నవ్వలేదు. నడుమ బరువు మోసేదెవరని తాత అడిగితే, ఎవరూ మోయరు, దాని అందమే అది అన్నాడు.

మరి కంబం మాట ఏమవుతుంది? ఈ ప్రశ్న తాత అడగలేదు, దస్తగిరే ఎత్తాడు. ఎత్తి తనే జవాబు చెప్పాడు. చాటు మాట బానిస మాట తాతా, అన్నాడు. రాయి వెనక దాక్కుని ఎన్నాళ్లు మాట్లాడతారు? మనిషి ముఖం చూపించి, పేరు చెప్పి, నలుగురిలో నిలబడి మాట్లాడే రోజు రావాలి. కొత్త హాలులో ఆ రోజు వస్తుంది. స్థలం మారితే మనిషి మారతాడు.

అతను ఇది నమ్మి అన్నాడు. నమ్మకుండా అనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లంతా పెద్ద ఆఫీసుల్లో ఉన్నారు. దస్తగిరి అట్లాంటివాడు కాదు.

తాత వింటూ మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

నమూనా తయారైంది. అట్టతో, సన్న ఇనుప తీగతో, అరచేతుల్లో ఎత్తుకునేంత హాలు. కప్పు ఎత్తి లోపల చూడొచ్చు. గురువారం చక్కెర పంచడం అయ్యాక దస్తగిరి దాన్ని తాత ముందు పెట్టాడు. జనం మూగారు. మెచ్చుకున్నారు. పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి చేసి నడుం పోయిన బీబమ్మ మాత్రం వంగి, అటూ ఇటూ చూసి, పెదవి విరిచింది.

"ఈడ ఆనుకునేదానికి ఏముందిరా? నీ వీపుకు ఆనుకోవాల్నా?"

అందరూ నవ్వారు. దస్తగిరి కూడా ఈసారి నవ్వాడు. గోడ ఉంది కదవ్వా అన్నాడు. గోడ కాడికి నేను పోయేసరికి ఫాతెహా అయిపోతాది పో అందామె.

తాత తన చేతిలో మిగిలిన చక్కెర పలుకులు నమూనా నేల మీద చల్లాడు. కప్పు మళ్లీ పెట్టాడు. తర్వాత మోకాళ్ల మీద వంగి, గడ్డం నేలకు తాకేంతగా దిగి, ఒక కన్ను మూసుకుని, అట్టవేదిక మీదుగా లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నీ కనిపిస్తాండాయి," అన్నాడు.

"కంబాలుంటే కనపడవు తాతా," అన్నాడు దస్తగిరి. వేదిక నుంచి ప్రతి మూలకూ చూపు ఎట్లా పోతుందో తను గీతలు గీసి మరీ సరిచూశానని, ఒక్క పలుకు కూడా దాగదని చెప్పాడు.

"దాగదు," అన్నాడు తాత. లేచేటప్పుడు దస్తగిరి భుజం పట్టుకున్నాడు. "ముగ్గు పోయ్ నాయనా. గురువారం ముగ్గులోనే కూర్చుందాం."

కట్టడం మొదలుపెట్టేముందు సున్నంతో నేల మీద కొలతలు గీయడాన్ని ముగ్గు పోయడమంటారు. చావిడి ముందు మైదానంలో దస్తగిరి ముగ్గు పోశాడు. జనానికి హాలు ఎట్లా ఉండబోతుందో ముందే తెలియాలని అతనికే ఒక ఆలోచన వచ్చింది. ముగ్గు మీద సరిగ్గా అదే కొలతకు జర్మన్ షెడ్డు వేయిద్దామన్నాడు. పెళ్లిళ్లకు వేస్తారే, అల్యూమినియం చట్రాల మీద తెల్లగుడ్డ పరిచి, మధ్యలో ఒక్క గుంజ కూడా లేకుండా, అది. నాగభూషణానికి ఈ మాట బాగా నచ్చింది. షెడ్డు వేయించాడు. వేదిక కూడా వేయించి దాని మీద సోఫా పెట్టించాడు.

ఆ వారంలోనే చిన్నోబులు చచ్చిపోయాడు.

గనిలో పనిచేసే కుర్రవాడు. చావిట్లో గుమ్మం పక్క కంబానికి ఆనుకుని కునుకు తీసేవాడు. నమూనా చూసి, ఇంత పెద్ద కప్పు ఊడిపడదా అన్నా అని దస్తగిరిని అడిగినవాడు. పని దిగి ఇంటికి వెళుతుంటే దారిలో లారీ గుద్దిందని గని మేనేజరు చెప్పాడు. ఏ లారీ అంటే, ఆపకుండా పోయిందన్నాడు. రోడ్డు పక్క శవం దొరికింది. ఒంటి మీద రాతిపొడి ఉంది. గనిలో పనిచేసేవాడి ఒంటి మీద రాతిపొడి కాకపోతే ఏముంటుంది అన్నారు పోలీసులు.

ఊరు గురువారం కోసం చూసింది.

గురువారం షెడ్డు నిండిపోయింది. తెల్లటి గుడ్డలోంచి వెలుతురు ఏ నీడా లేకుండా అందరి మీదా సమానంగా పడుతోంది. దస్తగిరి కోరుకున్న వెలుతురు అదే. నాగభూషణం వేదిక మీద సోఫాలో కూర్చున్నాడు. మేనేజరు వెనక నిలబడ్డాడు. తాతకూ పక్కన సోఫా వేశారు గానీ ఆయన కింద జనంలో కూర్చున్నాడు. దస్తగిరి ఆయన పక్కన.

నాగభూషణం మైకులో చిన్నోబులు గురించి చాలా బాధపడ్డాడు. గనివాళ్లంతా తన బిడ్డలేనన్నాడు. ఈ హాలులో ఇక ఎవరి మాటైనా అందరికీ వినిపిస్తుందన్నాడు. ఇంటికీ గనికీ నడుమ రోడ్డు సరిగ్గా లేకపోవడమే ఈ చావుకు కారణమని, ఆ సంగతి పైవాళ్లతో మాట్లాడతానని చెప్పాడు.

చక్కెర పంచారు. పొద్దు వాలింది. తాత అడిగాడు.

"కంబం ఏమైనా చెప్తాదా?"

జనం అలవాటుగా ముఖాలు తిప్పుకోబోయారు. ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. గుమ్మం లేదు. అన్ని వైపులా తెరిచే ఉంది. ఎటు తిరిగినా ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తోంది. వెనక అనే చోటే లేదు.

ఎవరూ మాట్లాడలేదు.

తాత మళ్లీ అడిగాడు. ఒక బిడ్డ దగ్గింది. ఆడవాళ్లు తమ కాళ్ల వైపు చూసుకుంటున్నారు. దస్తగిరికి కోపం ముంచుకొచ్చింది. లేచి నిలబడండి, మీలో ఒకడు చచ్చాడు, ముఖం చూపించి మాట్లాడండి అని అరవాలనుకున్నాడు. అరవడానికి నోరు తెరిచి, వేదిక వైపు చూశాడు.

నాగభూషణం అరవడం లేదు, బెదిరించడం లేదు. ఊరికే చూస్తున్నాడు. చూపు మొదటి వరుస మీద నడిచింది. రెండో వరుసకు పోయింది. ఆగింది, నడిచింది. చివరి మూలలో తలవంచుకున్న ముఖాన్ని కూడా తాకి, తాపీగా వెనక్కి వచ్చింది. ఆ చూపుకు ఎక్కడా ఏదీ అడ్డు రాలేదు. అది ఏ దారిన నడుస్తుందో దస్తగిరికి ముందే తెలుసు. ఆ గీతలు గీసింది అతనే.



"ఏం లేనట్టుంది," అన్నాడు నాగభూషణం మైకులో, నవ్వుతూ. "మంచిదే కదా తాతా."

అప్పుడు పీరా తాత లేచాడు. ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి మోకాలికి ఆనించి, మెల్లగా లేచాడు. జనం మధ్యలోంచి నడిచి, షెడ్డు సరిగ్గా నడుమకు వచ్చి, వేదిక వైపు తిరిగి నిలబడ్డాడు. భుజం మీది కంబళి విప్పి, రెండు చేతుల మీదుగా పరుచుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

జనానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత బీబమ్మ లేచింది. నడుం వంగిపోయిన ఆ ముసలిది కొంగు తల మీదికి లాక్కుని, వచ్చి తాత వెనక కూర్చుంది. ఇంకొకామె లేచింది. ఇంకొకామె. చీరల రంగులు తప్ప ముఖాలు లేని ఆడవాళ్లు ఒక గుంపుగా ఆయన వెనక చేరారు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే తలలు పక్కకు తిప్పుకున్నారు.

ఆ గుంపులోంచి ఒక గొంతు వచ్చింది. ఎవరిదో నాకు తెలుసు, ఊరికీ తెలుసు. ఆమె పేరు ఇక్కడ రాయను. కంబం చెప్పింది.

"లారీ గుద్దలే."



"బండ పడింది. కింద ఆసరా తీసేసినారు. తీయొద్దని వాడు మొత్తుకున్యాడు. మీద పడినాక ట్రాక్టర్లో ఏసుకపోయి రోడ్డు మీద పడేసినారు. నేను చూసినా."

నాగభూషణం సోఫాలోంచి ముందుకు వంగాడు. తాత అడ్డంగా ఉన్నాడు. అతను లేచి వేదిక అంచుకు వచ్చాడు. అప్పటికీ కంబళే కనిపించింది. మేనేజరుకు సైగ చేశాడు. మేనేజరు వేదిక దిగకుండానే నాలుగడుగులు ఎడమకు నడిచాడు. ఒక మనిషి వెడల్పు ఎంత? పక్కనుంచి చూస్తే ఆ గుంపులో సగం కనిపిస్తుంది. గొంతు తడబడింది. ఆగిపోయింది.

దస్తగిరి లేచాడు.

ఎక్కడ నిలబడాలో అతనికి ఎవరూ చూపించనక్కర్లేదు. వేదిక ఎడమ అంచు నుంచి నడుమకు పోయే గీత అతనికి కంఠతా వచ్చు. గబగబా నడిచి, ఆ గీత మీద, తాతకు ఒక బండ పొడవు దూరంలో నిలబడ్డాడు. వేదిక వైపు తిరిగాడు. తన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా పరుచుకున్నాడు.

ఇప్పుడు తాతకూ అతనికీ నడుమ, వెనక, చిన్న నీడలాంటి చోటు ఒకటి ఏర్పడింది. కూర్చున్నవాళ్లు కొంచెం కొంచెంగా దాంట్లోకి జరిగారు.

మేనేజరు ఇంకా ఎడమకు పోబోయాడు. దస్తగిరి ఒక అడుగు జరిగాడు. మేనేజరు ఆగిపోయాడు.

నాగభూషణం మైకు పక్కన పెట్టాడు. గొంతు తగ్గించి, పెద్దమనిషిలా మాట్లాడాడు. దస్తగిరీ, ఇది నీ మొదటి కట్టడం కదా అన్నాడు. రేపు పొద్దున్నే పునాది తవ్వుతారు, రాతి మీద మా నాయన పేరు కింద నీ పేరు కూడా చెక్కిద్దామనుకున్నా అన్నాడు. నువ్వు పక్కకు వచ్చి కూర్చుంటే చాలు అన్నాడు.

దస్తగిరి కూర్చోలేదు. అతని చేతులు లాగుతున్నాయి. తువ్వాలు చిన్నది, కంబళి కాదు. దాన్ని సాగదీసి పట్టుకోవాల్సి వస్తోంది.

"వెనక ఎవర్రా మాట్లాడేది?" ఈసారి నాగభూషణం గొంతు పెద్దమనిషిది కాదు.

దస్తగిరి అతని కళ్లలోకి చూశాడు. ఏళ్ల తరబడి పోగేసుకున్న నినాదాలన్నీ ఎక్కడికి పోయాయో. నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది.

"కంబం."

ఎవరో చిన్నగా నవ్వారు. తర్వాత, అతని వెనక, చాలా దగ్గరగా, ఎవరో తన నడుమును అతని కాళ్లకు ఆనించి కూర్చున్నట్టు బరువు తెలిసింది. బీబమ్మ అయ్యుండాలి. అతను తిరిగి చూడలేదు.

ఆగిన గొంతు ఇంకా మొదలుకాలేదు. మేనేజరు వేదిక దిగి దస్తగిరి వైపు వస్తున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వస్తున్నాడు. దస్తగిరికి ఒక్క అడుగు వెనక్కి వేస్తే చాలు అనిపించింది.

పక్కనుంచి పీరా తాత, కళ్లు తెరవకుండానే, మెల్లగా అన్నాడు.

"కదలాకు నాయనా. నీ మీద కప్పుంది."

దస్తగిరి కదలలేదు.

వెనక గొంతు మళ్లీ మొదలైంది. ఈసారి తడబడలేదు. ఆ బండ పక్కది ఇంకా వేలాడుతోందని, రేపు పొద్దున దాని కిందకే దిగమంటున్నారని, ఎవరెవరిని దిగమంటున్నారో పేరుపేరునా చెబుతోంది.